రంగు మీద బిగించిన బోల్టు

ఆదివారం, సభ ముగిశాక

మా చెల్లెలి చెయ్యి పట్టుకున్నవాడికి, నాకు బావ అయినవాడికి, మా షెడ్డులో కరెంటు పారే ప్రతి తీగకూ యజమాని అయినవాడికి,

పైవాడి దయ మీ గడప దాటి లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఇక అక్కడే ఉండిపోవాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. అంతకు మించి బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. అబద్ధం రాసిన చేత్తో గ్రంథం తెరవలేను.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఇంటికి వస్తే మా చెల్లి తలుపు సగమే తెరిచి, ఆయన పడుకున్నారన్నయ్యా అంటుంది. పట్టపగలు ఏం నిద్ర బావా అది? ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ నువ్వు షెడ్డు మెట్టు ఎక్కలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇదీ ఒకందుకు మంచిదేలే. నేను నోరు తెరిస్తే ప్రసంగం అయిపోతుందని నువ్వే అంటావు కదా. మీ అన్నకి మైకు దేనికే, ఆ గొంతుకి గోడలే బీటలిస్తాయి అని మా చెల్లితో అన్నావట. అదీ నా చెవిన పడింది. ఇప్పుడు ఆ మైకు కూడా నీ మీద బెంగ పెట్టుకుంది. నువ్వు చూడక గుయ్యిమని మూలుగుతోంది. ఇవాళ సభలో నా మాటల కంటే దాని మూలుగే ఎక్కువ వినపడింది. వెనక వరుసలో ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక చీర కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఉత్తరం మావాడి చేత పంపుతున్నాను. పని దిగి ఇంటికొచ్చేది మీ సందులోంచే కాబట్టి నీ చేతికే ఇచ్చి రమ్మన్నాను.

షెడ్డు సంగతులు ఒకటి రెండు. పసుపు రంగు బండి ఒకటొచ్చింది. రోడ్డు మీద పరిగెత్తినంతసేపూ చల్లగా ఉంటుంది, సిగ్నలు దగ్గర ఆగిందంటే ఉడికిపోతుంది. యజమాని రేడియేటరు మార్చుకుని, నీళ్ళ పంపు మార్చుకుని, చివరికి మన దగ్గరికి వచ్చి ఏడ్చినంత పని చేశాడు. నేనూ ఇంజను తల విప్పుదామనే అన్నాను. మావాడు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి, నాన్నా, ఫ్యాను తిరగట్లేదు, బండి కదిలేటప్పుడు గాలే దాన్ని కాపాడుతోంది అన్నాడు. ఫ్యానుకి కరెంటు అందించే రిలే ఒకటి మార్చాడు, అంతే. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, ముందు కరెంటు వచ్చిందో లేదో చూడు, తర్వాతే స్పానరు ముట్టుకో అని మామయ్య చెప్పాడు అన్నాడు. నా కొడుక్కి నా మాట కంటే నీ మాట బాగా ఎక్కింది. కుళ్ళుకున్నాను, నిజమే. సంతోషించాను కూడా.

ఆ కొడుకు గురించే ఈ ఉత్తరం. రేపు కాక ఆ పై సోమవారం విచారణ. తప్పు వాడిదని తేలితే వాడి మెకానిక్ పత్రం రద్దవుతుంది. ఆ తర్వాత పోలీసు కేసు. మనిషి పోయాడు కదా మరి, ఊరికే వదలరు.

తనిఖీ చేసినాయన ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇదీ. పళ్ళ డాక్టరు ఎర్ర బండి ఆక్సిలరేటర్ కేబుల్ దాని తొడుగులో బిగుసుకుపోయింది. పెడలు మీంచి కాలు తీసినా ఇంజనుకు గాలి తలుపు మూసుకోలేదు. బండి ఆ ఏటవాలు రోడ్డు మీద దానంతటదే పరుగందుకుని, మలుపులో గోడకి గుద్దుకుంది. క్లచ్ తొక్కి తాళం తిప్పేసి ఉంటే డాక్టరు బతికేవాడని ఇప్పుడు ప్రతివాడూ అంటున్నాడు. ఇవన్నీ కుర్చీలో కూర్చుని చెప్పే మాటలు. అంత కిందుగా ఉండే బండిలో, రోడ్డు వీపుకి తగులుతున్నట్టుండే చోట, ఇంజను పెడబొబ్బ పెడుతుంటే ఏ మనిషికి ఏం గుర్తొస్తుంది?

కేబుల్ కొత్తది. వేసింది మావాడు, పని చీటీ మీద సంతకం చేసింది మావాడు. క్లచ్ ప్లేటు కోసం ఇంజను దించి మళ్ళీ ఎక్కించాం గుర్తుందా? ఆ తర్వాతే పెడలు బిరుసెక్కిందని డాక్టరు బండి తెచ్చాడు. వాడు కేబుల్ మార్చాడు. కొన్నాళ్ళకి మళ్ళీ బిరుసెక్కిందన్నాడు. వాడు నూనె వేసి, దారి సరిచూసి పంపాడు. ఎక్కడా మెలిక లేదు, నలగలేదు, వేడి గొట్టానికి ఆనలేదు. నేను నేల మీద పడుకుని చూశాను. మంచి కేబుల్ అన్ని రోజుల్లోనే ఎందుకు చచ్చింది? నా బుర్రకి అందట్లేదు.

ఇవాళ సభలో గ్రంథంలోని ఆ గాడిద గురించి చెప్పాను. దారిలో దేవదూత కత్తి దూసి నిలబడితే మీద కూర్చున్న పెద్దమనిషికి కనపడలేదు, గాడిదకి కనపడింది. అది పక్కకి తప్పుకుంటే కొట్టాడు, గోడకి ఒత్తుకుంటే కొట్టాడు, కూలబడితే కొట్టాడు. చివరికి అది నోరు విప్పి అడగాల్సి వచ్చింది. ఆ ఎర్ర బండి కూడా మనతో ఏదో చెప్పింది బావా. పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని డాక్టరు అన్నాడు. బ్యాటరీ కొత్తదే కదా, చలికి అలాగే ఉంటుందిలెండి అన్నాం. పెడలు బిరుసు అన్నాడు. కేబుల్ అన్నాం. అది చెప్పిందేమిటో మనం వినలేదు. నువ్వు వచ్చి ఒక్కసారి విను. ఇంజను చప్పుడు నాకు తెలుసు, తీగల భాష నీకు తెలుసు. నా కొడుకు నీకు మేనల్లుడు. నువ్వు మాట్లాడటం నేర్పినవాడు బోనెక్కితే నువ్వు పడుకుని ఉంటావా?

జవాబు మావాడితో చెప్పి పంపు. రెండు ముక్కలైనా చాలు.

నీ రాక కోసం షెడ్డు తలుపు వైపే చూస్తున్న
నీ బావ

*

బుధవారం, షెడ్డులోంచి

బావకి,

దయ, సమాధానం అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ముందు సంగతి రాస్తాను. ఆ తర్వాత కూడా నీకు దయ కావాలనిపిస్తే నువ్వే అడుక్కో.

మామయ్య ఏమన్నాడురా అని మావాణ్ణి అడిగితే, విన్నాడు నాన్నా, ఏమీ అనలేదు అన్నాడు. ఏమీ అనలేదు! రాయి కూడా ఎండకి పగిలితే చప్పుడు చేస్తుంది.

సోమవారం డాక్టరు గారి భార్య షెడ్డుకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పాత టైరు అంచు మీద కూర్చుంది. తనిఖీ ఆయనా, ఇంకొకాయనా ఇంటికొచ్చి చెప్పారట. మీ ఆయన పెద్దవారు కదమ్మా, బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ తొక్కి ఉంటారు, ఆ మాట మీరు ఒప్పుకుంటే ఇది ఇక్కడితో ముగిసిపోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు అన్నారట. చెడ్డవాళ్ళేం కాదు, పాపం. అందరికీ మంచి చేద్దామనే అనుకున్నారు. ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, నిజం చెప్పండి, అది ఆయన కాలు చేసిన తప్పేనా అని అడిగింది. జీవితమంతా పీకాల్సిన పన్ను బదులు పక్క పన్ను పొరపాటున కూడా ముట్టుకోని మనిషి, పెడలు తేడా తెలియకుండా తొక్కుతారా అంది.

నేను గొంతు సవరించుకుంటున్నాను. ఒప్పుకోమ్మా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. నా కొడుకు బయటపడతాడు కదా! చచ్చినవాణ్ణి ఎవరు జైల్లో పెడతారు? ఈలోపు మావాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాదమ్మా, ఆయన కాలిది కాదు, కేబుల్ నేను వేశాను, నాదే అన్నాడు. ఆవిడ సరే నాయనా అని లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ వెళ్ళాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. తుక్కు బండిని తనిఖీ వాళ్ళు దాచిన షెడ్డు తాళం అడిగి తీయించుకుని, ఒక్కణ్ణే దాని దగ్గరికి వెళ్ళాను. ముక్కు నలిగిపోయింది కానీ ఇంజను దాని రబ్బరు దిమ్మల మీద అలాగే కూర్చుని ఉంది. దాని ఆక్సిలరేటర్ కేబుల్ తొడుగు నిలువునా చీల్చి చూశాను. లోపలి పూత కరిగి, తీగకి కరుచుకుని ఉంది. నూనె లేక అరిగిన అరుగుడు కాదది. కాలింది. బయటి తొడుగు చల్లగా, కొత్తగా, నిగనిగలాడుతోంది. లోపల మాత్రం కాలింది. బయటి నుంచి వచ్చిన వేడి లోపల మాత్రమే ఎలా కాలుస్తుంది? తీగే కాలాలి. తీగ ఎప్పుడు కాలుతుంది బావా? నువ్వే నాకు నేర్పావు. మోయలేని కరెంటు మోసినప్పుడు.

అప్పుడు గాడిద నోరు విప్పింది. సెల్ఫ్ మోటారు అంత కరెంటు తాగుతుంది. తాగిన కరెంటు ఇంజను నుంచి బండి చట్రానికి, అంటే ఛాసిస్‌కీ, అక్కణ్ణుంచి బ్యాటరీకీ తిరిగి పోవాలి. ఇంజను రబ్బరు మీద కూర్చుంటుంది కాబట్టి దానికి దారి, రెంటినీ కలిపి బోల్టుతో బిగించే ఎర్త్ పట్టీ ఒక్కటే. ఆ దారి మూసేస్తే కరెంటు ఊరుకుంటుందా? ఇంజనుకీ బండికీ మధ్య ఏ ఇనుము దొరికితే దాన్ని పట్టుకుని పోతుంది. దొరికింది ఆక్సిలరేటర్ కేబుల్. డాక్టరు తాళం తిప్పిన ప్రతి పొద్దునా ఆ సన్నటి తీగ తన ఒంటి మీద మంట మోసింది. వంద కొత్త కేబుళ్ళు వేసినా వందా చచ్చేవి.

పట్టీ ఊడిపోయి ఉంటుందనుకుని చెయ్యి పెట్టి లాగాను. ఊడలేదు. బోల్టు బిగువుగా ఉంది, వేలితో కదలదు. ఉన్న ఒక్క ఆధారమూ పోయిందనుకున్నాను. అయినా నీ పద్ధతే చేశాను. హెడ్‌లైటు బల్బు ఒకటి తీసి, ఒక తీగ బ్యాటరీకి, ఇంకో తీగ ఛాసిస్‌కి పెట్టాను. కళ్ళు చెదిరేలా తెల్లగా వెలిగింది. అదే తీగ తీసి ఇంజను మీద పెట్టాను. ఆరిపోతున్న బొగ్గులాగ ఎర్రగా, మసగ్గా, అంతే.

బోల్టు విప్పాను. పట్టీ చివరి రింగు కింద, ఛాసిస్ మీద, రంగు. రంగు బావా, రంగు! ఇంజను దించినప్పుడు పెయింటరు వేసిన కొత్త నల్ల రంగు, దర్పణంలాగ మెరుస్తూ, రింగు అచ్చు మాత్రం గుండ్రంగా పడి, చెక్కు చెదరకుండా ఉంది. దాని మీద పెట్టి బిగించారు. ఇనుము ఇనుముని ముట్టుకోనే లేదు.

మన షెడ్డులో పని ఎలా పంచుకుంటామో నీకు నేను చెప్పాలా? నట్టు, బోల్టు, ఇంజను అన్నీ మావి. కానీ కరెంటు పారే బోల్టు ఏదైనా నీది. దాని మీద ఇంకొకడు స్పానరు పెడితే నువ్వు మూడు రోజులు మాట్లాడవు. ఆ పట్టీ బిగించింది నువ్వు. హారను తీగ కట్టాలన్నా గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకి, దాని మీద ఉఫ్ అని ఊది, అప్పుడు కట్టేవాడివే. నీ ముక్కు కింద నల్లగా మెరుస్తున్న రంగు నీకు కనపడలేదా? బద్ధకమా? తాగి వచ్చావా? నా మీద ఏదైనా కక్షా?

ఇంకోటి ఉంది. దాన్ని తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతోంది. నాకంటే ముందే ఎవరో ఆ బోల్టు విప్పి చూశారు. తల మీద స్పానరు జారిన కొత్త గీత ఉంది. ప్రమాదం తర్వాత గీత అది, దాని మీద దుమ్ము కూడా లేదు. చూశారు, రంగు కనపడింది, మళ్ళీ యథాప్రకారం బిగించేసి నోరు మూసుకున్నారు. ఎవరికి ఉంటుంది ఆ అవసరం? నువ్వే వచ్చావు. దొంగలాగ వచ్చి, చూసుకుని, పోయి ముసుగు తన్నావు. నీ తప్పు మోస్తూ నా కొడుకు రోజూ మీ సందులోంచే నడుస్తున్నాడు, నీ చేతికి ఉత్తరాలు తెచ్చి ఇస్తున్నాడు, నువ్వు వాడి ముఖం చూసి ఏమీ అనకుండా పంపిస్తున్నావు! తమ్ముడి సంగతి నాకేం తెలుసన్న ఆ మొదటి హంతకుడి నుదుటి మీద కూడా దేవుడు ఒక గుర్తు వేశాడు. నీ నుదురు చూడాలని ఉంది నాకు.

సోమవారం వస్తావా, వచ్చి నిజం చెప్తావా, లేకపోతే నేనే వచ్చి వీధిలో నిలబడి చెప్పాలా? మైకు అక్కర్లేదు. నా గొంతు నీకు తెలుసు.

నీ మీద కోపాన్ని మింగలేక కక్కేసిన
నీ భార్య అన్న

*

శనివారం, మధ్యాహ్నం

బావా,

నీకూ, మా చెల్లికీ, మీ ఇంటి నాలుగు గోడలకీ శాంతి కలగాలి. ఇది ఉత్తరాల్లో రాసే మాటగా రాయట్లేదు. కావాలని రాస్తున్నాను.

చెల్లిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టుకో. నేను ఒక బరువైన మాట చెప్పబోతున్నాను. నెమ్మదిగా చెప్తాను, నువ్వూ నెమ్మదిగా విను.

ఎర్ర బండి కేబుల్ ఎందుకు బిగుసుకుందో తెలిసింది. ఎర్త్ పట్టీ బిగించిన చోట ఛాసిస్ మీద కొత్త రంగు ఉంది. పెయింటరు ఆ చోటు వదిలేయాల్సింది, వదల్లేదు. అక్కడ రంగు వేశానని మనకి చెప్పాల్సింది, చెప్పలేదు. రంగు మీదే పట్టీ బిగిసింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా కరెంటు దారి లేక కేబుల్‌లోంచి పోయింది. లోపలి పూత కరిగి పట్టేసింది. డాక్టరు గారి కాలు తప్పు చేయలేదు. మావాడు వేసిన కేబుల్ తప్పు చేయలేదు.

ఆ పట్టీ బిగించింది నువ్వు, బావా.

నీ వేళ్ళకి అది నునుపైన ఇనుములాగే తగిలి ఉంటుంది. రంగుకీ, గీకిన ఇనుముకీ తేడా వేలికి తెలియదు. నేను ఇవాళ పొద్దున నా వేలు పెట్టి, కళ్ళు మూసుకుని చూశాను. నాకూ తెలియలేదు. నువ్వు చేయాల్సిన బిగువు సరిగ్గానే చేశావు. ఆ బోల్టు మీద నీ చెయ్యి నమ్మకంగానే పని చేసింది. అయినా ఒక మనిషి పోయాడు. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం నాకు చేతకాదు. నీకూ చేతకాదని నాకు తెలుసు.

సోమవారం మావాడు విచారణలో లేచి, తప్పు నాదే అని చెప్పబోతున్నాడు. నిన్ను అడగడు, నన్ను అడగడు. ఆ ఒక్క మాటతో వాడి చేతి పని పోతుంది. వాడికి ఇంకో పని రాదు, చిన్నప్పటి నుంచీ ఆ ఇనుములోనే పెరిగాడు. పసుపు బండి మీద చెయ్యి పెట్టి రోగం చెప్పినవాడు రేపు ఎక్కడో గేటు దగ్గర కూర్చుని బండ్లకి సలాము కొట్టాలి. ఒకవేళ జైలు గేటు లోపల ఉంటే, అదీ లేదు.

నువ్వు రావాలి. నిన్ను బోనెక్కించడానికి కాదు. షెడ్డు బోర్డు నాది. ఎవరు ఏ బోల్టు బిగించినా, బండి బయటికి వెళ్ళే ముందు చూడాల్సింది నేను. కరెంటు పనిలో వేలు పెడితే నువ్వు అలుగుతావని చూడటం మానేశాను. అక్కడ మొదట లేచేది నేనే. నా తర్వాత నువ్వు లేచి, పట్టీ నేను బిగించాను అని ఆ ఒక్క మాట చెప్తే చాలు. డాక్టరు గారి భార్య కూడా ఆ గదిలో ఉంటుంది. ఆవిడకి కావాల్సింది శిక్ష కాదు. తన భర్త ఆఖరి నిమిషంలో ఏం జరిగిందో ఆవిడకి తెలియాలి. అది చెప్పగలిగేది మనమే.

ఆ భవనానికి మెట్లు ఎక్కువ, పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నేను నీ చెయ్యి పట్టుకుంటాను. పైకి ఇంకా ఎన్ని మెట్లున్నాయో, ఎప్పుడు మలుపొస్తుందో చెప్తూ ఎక్కిస్తాను. లోపల ఎవరెక్కడ కూర్చున్నారో నీ చెవిలో చెప్తాను. తర్వాత నీ పని ఏమవుతుందో నాకు తెలియదు. ఏమీ కాదులే అని రాయలేను. ఇక తీగలు ముట్టుకోనివ్వరు, అది ఖాయం. ఆ రోజు నుంచి నువ్వు ఇంట్లో కూర్చుంటే నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను. ప్రసంగం చేయను. చేస్తే చెల్లి చేత గెంటించు.

నీ జవాబు ఈసారి నీ నోటితోనే వినాలని ఉంది.

నీ పక్క మనిషి,
నీ బావ

తా.క. ఈ ముక్క నీకు కాదు బావా. ఈ ఉత్తరం చదువుతున్నవాడికి.

నాయనా,

ముందు నీలో నువ్వు మొత్తం గొణుక్కుని, ఆ తర్వాతే పైకి చదువుతావట. మీ అత్తే చెప్పింది. కాబట్టి ఆయనకి మొదటి మాట వినిపించక ముందే ఇది నీ కంట పడుతుంది.

నిన్న సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. వీధిలో నిలబడి అరుద్దామనే వెళ్ళాను. వాక్యాలు కూడా ఏరి పెట్టుకున్నాను. మామయ్య వసారాలో పీట మీద కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, నట్లు వేళ్ళతో తడిమి చిన్నవీ పెద్దవీ వేరు చేస్తున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తలెత్తి నా ముఖంలోకే చూశాడు. చూసి నవ్వాడు. షెడ్డు వాసనేస్తోంది, వచ్చావా అల్లుడూ అన్నాడు.

నా నోట మాట రాలేదు. నా జన్మలో అదే మొదటిసారి.

ఇవాళ కొత్త ఉత్తరం లేదా అన్నాడు. లేకపోతే బుధవారంది ఇంకోసారి చదవరా, కాళ్ళ నొప్పులు తగ్గాయా, చెల్లి వేళకి అన్నం పెడుతోందా అని అడిగాడే, విచారణ అయిపోయాక ఇద్దరం కలిసి షెడ్డు తలుపులు తీద్దాం బావా అన్నాడే, అక్కణ్ణుంచి చదువు అన్నాడు. మీ నాన్న గొంతే పెద్దది, మనిషి వెన్న రా, ఒక్క మాటైనా అనలేదు చూడు అన్నాడు.

వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ సందులోకి వచ్చేశాను. మీ అత్త పరిగెత్తుకొచ్చింది. కళ్ళు పోవడం మొదలై ఏడాది దాటిందట. నరం చచ్చిపోయింది, ఇక రాదన్నారట. షెడ్డులో ఏ తీగ ఏ రంగో నువ్వే పక్కన నిలబడి పాట పాడుతున్నట్టు చెప్పేవాడివట. ఆ పట్టీ బిగించిన పూట నువ్వు క్లచ్ ప్లేటు తేవడానికి పోయావు. ప్రమాదం తర్వాత, విచారణ అయ్యేదాకా షెడ్డు మూసేశారు మామయ్యా అని చెప్పి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టావు. బోల్టు మీద గీత నీదే. కొంచెం చూసి విప్పాల్సింది, స్పానరు ఎప్పుడూ అలా జారనివ్వవు నువ్వు.

నేను బుధవారం రాసింది ఏమిటో నీకు తెలుసు. నువ్వు చదివింది ఏమిటో నాకిప్పుడు తెలుసు. నేను మనిషిగా రాయాల్సిన ఉత్తరం నువ్వు గాల్లోంచి చదివావు. ఇన్నేళ్ళూ బల్ల గుద్ది చెప్పిన నాకు అలాంటి ఒక్క వరుస చేతకాలేదు.

కానీ నాయనా, డాక్టరు గారి భార్యతో, నాదే అన్నావు చూడు, అదీ నువ్వు గాల్లోంచి చదివిందే. ఆవిడ అడిగింది నిజం. నువ్వు ఇచ్చింది నీ బతుకు. అది ఆవిడకి పనికిరాదు. మామయ్య కూడా నీ బతుకు తిని బతకలేడు. రేపెప్పుడో ఎవరో ఒకరు వీధిలో అంటారు, అప్పుడు తెలుస్తుంది, అప్పుడు ఆయన పక్కన నువ్వు ఉండవు. ఇప్పుడే తెలియాలి. మనం ఉండగా తెలియాలి.

రాత్రంతా కూర్చుని, రాసింది చించి మళ్ళీ రాసి, ఈ ఉత్తరం వదిలేయాల్సిన మాట ఒక్కటీ లేకుండా రాశాను. అందులో ఆయన గుండె పగిలే మాట ఉంది. అది ఉండాలి. దాన్ని మెత్తన చేయకు, దాటేయకు, దాని పక్కన నీది ఏదీ పెట్టకు.

నీ చేతికి ఇచ్చి పంపాక నేనూ నీ వెనకాలే బయలుదేరాను. వసారా గోడకి అవతల, సందులో నిలబడి ఉన్నాను. మొదటి వరుస నుంచి మొదలుపెట్టు. నీ గొంతు ఎక్కడ ఆగిపోతుందో అక్కణ్ణుంచి నేను చదువుతాను.